ఇరవై శాతం లాభం, కానీ దేని మీద?

మూడేళ్ళ క్రితం మా ఆవకాయ ఒక సూపర్ మార్కెట్‌లో పెట్టడానికి మాట్లాడుకున్నాం. కిలో డబ్బా మాకు 300 పడుతోంది, దాని మీద 40 శాతం వేసుకుని 420కి అమ్ముతున్నాం. షాపాయన తనకి పాతిక శాతం కావాలన్నాడు. నలభైలో పాతిక పోతే పదిహేను మిగులుతుంది కదా, 300 మీద పదిహేను శాతమంటే డబ్బాకి 45 రూపాయలు, సరుకు బాగా కదిలితే చాలు అనుకుని సరే అన్నాను. నెలాఖరుకి లెక్క చూస్తే డబ్బాకి మిగిలింది 45 కాదు, 15.

ఇందులో మోసం ఏమీ లేదు. ఆయన చెప్పిన పాతిక శాతం ఎమ్మార్పీ మీద. 420లో పాతిక శాతమంటే 105. అది పోగా మాకొచ్చేది 315. నేను వేసుకున్న 40 శాతం 300 మీద, ఆయన తీసుకున్న 25 శాతం 420 మీద. రెండూ శాతాలే, కానీ ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేయడానికి అవి ఒకే జాతివి కావు. ఆ దసరాకి షాపులో పది శాతం ఆఫర్ పెట్టారు. 420 కాస్తా 378 అయింది, ఆయన కమీషన్ 94 రూపాయల 50 పైసలు, మా చేతికొచ్చింది 283 రూపాయల 50 పైసలు. డబ్బాకి పదహారున్నర మా జేబులోంచి పెట్టి, పైగా పండగ పూట రాత్రుళ్ళు మేలుకుని ప్యాకింగ్ చేశాం.

ఇంట్లో పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు చేసి అమ్మేవాళ్ళు, చీరలు తెచ్చి అమ్మేవాళ్ళు, చిన్న షాపు పెట్టుకున్నవాళ్ళు చాలామంది సరిగ్గా ఇక్కడే నష్టపోతున్నారని నాకు తెలుసు, ఎందుకంటే లెక్కలు చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చిన ప్రతి పుస్తకంలోనూ ఇదే తప్పు కనిపించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పక్కన కాగితం, పెన్ను, ఫోన్లో క్యాలిక్యులేటర్ పెట్టుకుని చదవండి.

మార్కప్ ఏది, మార్జిన్ ఏది

సరుకు మనకి పడిన రేటు 300. అమ్మింది 420కి. మిగిలింది 120. ఈ 120ని 300తో పోల్చి చెబితే 40 శాతం, దాన్ని మార్కప్ అంటారు. అదే 120ని 420తో పోల్చి చెబితే 28.57 శాతం, దాన్ని మార్జిన్ అంటారు. రూపాయలు అవే, మారింది దేంతో పోల్చామన్నదే. మార్కప్ అంటే పడ్డ రేటు మీద లాభం, మార్జిన్ అంటే అమ్మకం మీద లాభం.

మనకి ఇది తికమకగా ఉండటానికి కారణం బడిలోనే ఉంది. లాభనష్టాల పాఠంలో లాభశాతం ఎప్పుడూ కొన్నవెల మీదే కట్టమన్నారు. ఒక వ్యాపారి ఒక వస్తువును 80కి కొని 100కి అమ్మితే లాభశాతం ఎంత అంటే 25 అని రాశాం, మార్కులు వేశారు. అది తప్పు కాదు, అది మార్కప్. కానీ వ్యాపారంలోకి దిగాక మన దగ్గర కోత పెట్టేవన్నీ అమ్మకం మీదే పెడతాయి. షాపు కమీషన్ అమ్మకం మీద. ఆన్‌లైన్‌లో అమ్మితే వాళ్ళ కమీషన్ అమ్మకం మీద. కార్డు పేమెంటు తీసుకుంటే గేట్‌వే వాళ్ళు, అంటే ఆ డబ్బుని మన ఖాతాకి చేర్చే కంపెనీ, తీసుకునేది బిల్లు మొత్తం మీద. మనమిచ్చే డిస్కౌంటు ఎమ్మార్పీ మీద. కలుపుకునేది చిన్న అంకె మీద, పోయేది పెద్ద అంకె మీద. అందుకే కాగితం మీద లాభం కనిపించి, డబ్బాలో డబ్బులు కనిపించవు.

ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికి నాకు నచ్చిన పద్ధతి రూపాయి, పావలా లెక్క. రూపాయి సరుకు మీద పావలా వేసుకున్నారనుకోండి. అమ్మింది రూపాయి పావలాకి. అంటే అమ్మకంలో ఐదు పావలాలు ఉన్నాయి, అందులో మీది ఒకటి. పడ్డ రేటులో నాలుగో వంతు కలిపితే అమ్మకంలో ఐదో వంతు మిగులుతుంది. మార్కప్ 25 శాతం, మార్జిన్ 20 శాతం. అలాగే మూడో వంతు కలిపితే నాలుగో వంతు మిగులుతుంది, సగం కలిపితే మూడో వంతు, రూపాయికి రూపాయి కలిపితే సగం. వంతు ఎప్పుడూ ఒక మెట్టు దిగుతుంది, అంతే. ఇది నోటికి వచ్చేస్తే సగం బేరాలు క్యాలిక్యులేటర్ లేకుండానే తేల్చుకోవచ్చు.

వంతుల్లో కుదరకపోతే సూత్రం వాడండి. మార్కప్ నుంచి మార్జిన్ కావాలంటే మార్కప్‌ని, వందకి ఆ మార్కప్ కలిపిన అంకెతో భాగించి వందతో హెచ్చవేయాలి. 40 భాగించు 140, అంటే 28.57. మార్జిన్ నుంచి మార్కప్ కావాలంటే మార్జిన్‌ని, వందలోంచి ఆ మార్జిన్ తీసేసిన అంకెతో భాగించి వందతో హెచ్చవేయాలి. 20 భాగించు 80, అంటే 25. మార్కప్ వంద దాటొచ్చు, రెండొందలు, మూడొందల శాతం కూడా ఉండొచ్చు. మార్జిన్ మాత్రం ఎన్నటికీ వందకి చేరదు, ఎందుకంటే సరుకు ఊరికే రాదు. కాబట్టి ఎవరైనా నాకు నూటయాభై శాతం మార్జిన్ ఉందంటే ఆయన చెబుతున్నది మార్కప్ అని అర్థం చేసుకోండి.

ఈ పేర్లు జనం కలిపేసి వాడతారు, కాబట్టి పేరుని నమ్మకండి. మన దేశంలో మందుల ధరల నియంత్రణకి 2013లో వచ్చిన ఉత్తర్వు ఉంది. అందులో అత్యావశ్యక మందుల గరిష్ఠ ధర కట్టేటప్పుడు మందుల షాపుకి అమ్మే సగటు ధర తీసుకుని, దానికి 16 శాతం రిటైలర్ మార్జిన్ కలుపుతారు. పేరు మార్జిన్ అనే ఉంది, కానీ కలిపేది కొన్న ధర మీద కాబట్టి మన భాషలో అది మార్కప్. అమ్మకం మీద చూస్తే 13.79 శాతమే. ప్రభుత్వ ఉత్తర్వులోనే ఇలా ఉన్నప్పుడు డిస్ట్రిబ్యూటర్ మనిషి బైక్ మీద కూర్చుని మార్జిన్ ఇరవై అండీ అంటే అది ఏ ఇరవయ్యో మీరే అడగాలి. దేని మీద అండీ? ఈ ఒక్క ప్రశ్న చాలు.

స్కీములు కూడా అంతే. పది కొంటే ఒకటి ఫ్రీ అంటే పది శాతం తగ్గినట్టు వినిపిస్తుంది. పదకొండు సరుకులకి పది డబ్బులు కట్టారు, తగ్గింది 9.09 శాతం.

ముందు పడ్డ రేటు సరిగ్గా తేల్చండి

శాతాల లెక్క ఎంత బాగా వచ్చినా కింద ఉన్న అంకె తప్పయితే పైదంతా తప్పే. మా 300 ఎలా వచ్చిందో పూర్తిగా రాస్తాను. ఆ ఏడాది మాకు దొరికిన రేట్లివి, మీ ఊళ్ళో, మీ ఏడాదిలో వేరుగా ఉంటాయి. లెక్క వేసే తీరు మాత్రం చూడండి.

పది కిలోల ముక్కలు కావాలంటే కాయ పదమూడు కిలోలు తీసుకోవాలి. జీడి తీసేసి, లోపలి పొర గీకేసి, దెబ్బ తగిలినవి, పండుబారినవి పక్కన పెట్టేసరికి ఆ మూడు కిలోలు తరుగులో పోతాయి. కాయ కిలో 40 లెక్కన 520. ముక్కలు కొట్టించిన కూలి 100. కారం రెండు కిలోలు, కిలో 400, అంటే 800. ఆవపిండి రెండు కిలోలకి 280. ఉప్పు రెండు కిలోలకి 50. పప్పునూనె, అదే నువ్వుల నూనె, నాలుగు కిలోలు, కిలో 350 చొప్పున 1,400. వెల్లుల్లి కిలో 200. మెంతులు, పసుపు కలిపి 50. మొత్తం 3,400. ఇవన్నీ కలిపితే ఇరవై ఒక్క కిలో పైన రావాలి, కానీ బేసిన్లకి అంటుకున్నది, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు పోయేది, రుచి చూడటానికి ఇచ్చేది పోను అమ్మకానికి ఇరవై కిలోలే వస్తుంది. కిలోకి సరుకు ఖర్చు 170.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. 170 పడింది, 300కి అమ్ముతున్నాం, కిలోకి 130 మిగులుతోంది అని సంతోషపడతారు. ఇప్పుడు మిగతావి చూడండి. డబ్బా, మూత, సీలు, లేబుల్ కలిపి 32. కాయలు తడి లేకుండా తుడవడానికి, వెల్లుల్లి ఒలవడానికి ఇద్దరు ఆడవాళ్ళకి ఒక రోజు కూలి తలా 500, అంటే కిలోకి 50. మార్కెట్ నుంచి ఆటో 100, కిలోకి 5. కరెంటు, గ్రైండింగ్ 3. నా కూలి 500, కిలోకి 25. మొత్తం 285.

నా కూలి ఎందుకు అని మా ఇంట్లో కూడా అడిగారు. ఇంట్లో మనిషే కదా, మన చేతి పనికి డబ్బులేంటి అని. రేపు నాకు జ్వరం వస్తే ఆ పనికి ఇంకొకరిని పెట్టుకోవాలి, వాళ్ళు ఊరికే చెయ్యరు. వ్యాపారం కాస్త పెరిగాక మనిషిని పెట్టుకోవాల్సిందే, అప్పుడు రేటులో చోటు లేకపోతే ఎక్కడినుంచి ఇస్తాం? ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికి వెల కట్టకుండా వేసే లెక్క మీద ఎవరైనా లాభం చూపిస్తే ఆ లాభం నిజానికి వాళ్ళ జీతం. దయచేసి ఈ గడి ఖాళీగా వదలకండి.

ఇక చివరిది, ఎక్కువమంది మర్చిపోయేది. ఇరవై డబ్బాలు చేస్తే ఇరవైకీ డబ్బులు రావు. కొరియర్‌లో మూత లీకయ్యి ఒకటి తిరిగొస్తుంది, నూనె కారి లేబుల్ పాడైన డబ్బాని ఎవరూ తీసుకోరు. మా సగటు ఇరవైకి ఒకటి. అప్పుడు 285 చొప్పున ఇరవై డబ్బాల ఖర్చు 5,700 పందొమ్మిది డబ్బాలే మోయాలి. 5,700 భాగించు 19, సరిగ్గా 300. 170 దగ్గర మొదలైన అంకె 300 దగ్గర ఆగింది. 300కి అమ్ముతూ 130 మిగులుతుందనుకున్న మనిషికి నిజానికి మిగిలేది సున్నా.

చీరల వాళ్ళకి తరుగు వేరే రూపంలో ఉంటుంది. యాభై చీరలు తెస్తే మంచి రంగులు నలభై పోతాయి, మిగిలిన పది ఏడాది తర్వాత కొన్న రేటుకో అంతకంటే తక్కువకో వదిలించుకోవాలి. కూరగాయల షాపుకి సాయంత్రానికి వాడిపోయేదే తరుగు. ఏ వ్యాపారమైనా అమ్ముడుపోని సరుకు ఖర్చు అమ్ముడుపోయిన సరుకు మీదే పడుతుంది.

కలపడం కాదు, భాగించడం

ఇప్పుడు రేటు పెట్టడం. అమ్మకంలో 20 శాతం మిగలాలి అనుకుంటే 300కి 20 శాతం కలిపి 360 అని పెట్టేస్తారు. 360లో మిగిలింది 60, అది 16.67 శాతమే. సరైన దారి ఇది: వందలో మీకు ఇరవై కావాలంటే సరుకు ఖర్చు ఎనభైలో సరిపోవాలి, కాబట్టి 300ని 0.80తో భాగించండి. 375. అందులో 20 శాతం 75, మిగిలింది 300. సరిపోయింది.

మధ్యలో ఇంకెవరి వాటా ఉన్నా అన్నిటినీ కలిపి వందలోంచి ముందే తీసేయాలి. షాపుకి పాతిక, మాకు ఇరవై, మొత్తం నలభై ఐదు. మిగిలిన యాభై ఐదులో ఖర్చు ఇమడాలి. 300 భాగించు 0.55 అంటే 545 చిల్లర, గుండ్రంగా 550. వెనక్కి సరిచూడండి: షాపుకి 137.50, మా చేతికి 412.50, ఖర్చు 300 పోగా 112.50. ఎమ్మార్పీలో ఇరవై శాతం కంటే కాస్త ఎక్కువే. నేను 420 ముద్రించి షాపు గుమ్మం ఎక్కడమే తప్పు. 420 నేరుగా ఇంటి దగ్గర అమ్మే రేటు, దాంట్లో ఇంకొకరికి చోటు లేదు.

బల్ల మీద పెట్టుకునే పెద్ద క్యాలిక్యులేటర్లు చాలావాటిలో ఎంయూ అనే బటన్ ఉంటుంది. పేరు మార్కప్ అయినా చాలా మోడళ్ళలో అది మార్జిన్ లెక్కే కడుతుంది. మీ దాంట్లో 100, భాగించు, 20, ఎంయూ నొక్కి చూడండి. 125 వస్తే అది మార్జిన్ లెక్క. 120 వస్తే మార్కప్. తెలుసుకున్నాక ఆ బటన్ పక్కన చిన్న కాగితం అంటించుకుంటే మీరు లేనప్పుడు కౌంటర్లో కూర్చున్నవాళ్ళు పొరబడరు.

డిస్కౌంట్ ఇచ్చే ముందు

పదిశాతం డిస్కౌంట్ అంటే పదిశాతం లాభం తగ్గుతుంది అనుకోకండి. 420 డబ్బాని 378కి ఇస్తే తగ్గిన 42 రూపాయలూ మీ 120లోంచే పోతాయి, సరుకు వాళ్ళెవరూ మీకు తగ్గించరు. 120 కాస్తా 78. లాభంలో 35 శాతం పోయింది. మామూలుగా వంద డబ్బాలు అమ్మితే 12,000 మిగిలేది, ఇప్పుడు అదే 12,000 కోసం 154 డబ్బాలు అమ్మాలి. ఇంకో 54 డబ్బాల కాయలు తుడవాలి, వెల్లుల్లి ఒలవాలి, పార్శిళ్ళు కట్టాలి. ఆఫర్ పెట్టొద్దని కాదు, ఆ 54 డబ్బాలు నిజంగా ఎక్కువ పోతాయన్న నమ్మకం ఉంటేనే పెట్టండి. నా వరకు తెలిసినవాళ్ళకి రేటు తగ్గించడం కంటే వంద గ్రాముల కందిపొడి చేతిలో పెట్టడం మేలనిపించింది. దాని ఖర్చు మాకు తక్కువ, తీసుకున్నవాళ్ళకి ఆనందం ఎక్కువ, ఆవకాయ రేటు రేటులాగే ఉంటుంది. తెలిసినవాళ్ళు అడిగితే కాదనలేం అనే టెన్షన్ కూడా ఉండదు.

చిన్న డబ్బా దగ్గర జరిగే తప్పు

కిలో 420 అయితే పావుకిలో 105 అని పెట్టేస్తాం. కానీ పావుకిలోకి డబ్బా ఖర్చు పావు వంతు అవదు. కిలో డబ్బా, మూత, లేబుల్ 32 అయితే పావుకిలోకి 20. లోపలి పచ్చడి, కూలీ, ఆటో, కరెంటు అన్నీ కలిపి కిలోకి 253 కాబట్టి పావుకిలోకి 63. రెండూ కలిపి 83, ఇరవైకి ఒకటి పోతుందన్న లెక్క వేస్తే సుమారు 88. 105కి అమ్మితే మిగిలేది 17, అంటే 16 శాతం. కిలో డబ్బాలో 28 శాతం పైన మిగులుతున్న మనకి పావుకిలోలో దాదాపు సగమే. అదే మార్జిన్ రావాలంటే, వందలోంచి 28.57 పోతే 71.43 కాబట్టి, 88ని 0.7143తో భాగించాలి, 123 చిల్లర వస్తుంది, 125 పెట్టొచ్చు. పావుకిలో కొనేవాళ్ళు కిలోకి ఎంత పడుతోందని హెచ్చవేసి చూడరు, చేతిలో డబ్బా రేటు చూస్తారు. పెద్ద కంపెనీల చిన్న ప్యాకెట్లు గ్రాముల లెక్కన ఖరీదుగా ఉండటానికి ప్యాకింగ్ ఖర్చు కూడా ఒక కారణం.

ఎమ్మార్పీ, జీఎస్టీ

ప్యాకెట్ మీద వేసే ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉండాలి, దాని మీద రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. కాబట్టి జీఎస్టీ ఉన్నవాళ్ళు మార్జిన్ చూసుకోవాల్సింది పన్ను తీసేసిన ధర మీద. పచ్చళ్ళ మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 550 ఎమ్మార్పీలో ఐదు శాతం పన్ను అంటే 27.50 అనుకుంటారు, అది కాదు. ఐదు శాతం కలిపితే 550 అయింది కాబట్టి 550ని 1.05తో భాగించాలి. 523.81 మీది, 26.19 ప్రభుత్వానిది. ఇది కూడా మన పాత తికమకే, కలిపిన శాతాన్ని అదే శాతంతో తీసేయలేం.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే, తెలంగాణలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయితే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, టర్నోవర్ ఎంత తక్కువున్నా రిజిస్ట్రేషన్ కావాలి; విజయవాడ నుంచి హైదరాబాద్‌కి అమ్మినా రాష్ట్రం దాటినట్టే, ఈ సంగతి మీ ఆడిటర్‌ని ముందే అడగండి. కాంపోజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులకి జీఎస్టీలో ఉన్న తేలిక పద్ధతిలో, ఉన్నవాళ్ళు టర్నోవర్ మీద ఒక శాతం కట్టాలి, దాన్ని కస్టమర్ బిల్లులో విడిగా వేయకూడదు. అంటే ఆ ఒక్క శాతం కూడా మీ మార్జిన్‌లోంచే. చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఐదు శాతం మార్జిన్‌తో నడిచే షాపుకి అది లాభంలో ఐదో వంతు.

మార్జిన్ ఎక్కువుంటే చాలా?

చాలదు. సరుకు ఎంత త్వరగా తిరుగుతుందో కూడా చూడాలి, షాపుల వాళ్ళు రొటేషన్ అంటారు. పదివేలు బియ్యంలో పెట్టి ఐదు శాతం మార్కప్‌తో అమ్మి, ఆ డబ్బునే నెలకి మూడుసార్లు తిప్పితే ఏడాదికి 36 తిప్పులు, ఒక్కోసారి 500 చొప్పున 18,000. అదే పదివేలు చీరల్లో పెట్టి రూపాయికి రూపాయి వేసుకున్నా, ఆ చీరలు పోవడానికి ఏడాది పడితే వచ్చేది 10,000. కాబట్టి కిరాణా షాపాయన ఐదు శాతంతో ఎలా బతుకుతున్నాడని ఆశ్చర్యపోనక్కర్లేదు, చీరల షాపులో రెట్టింపు రేటని కోప్పడనక్కర్లేదు.

డబ్బాకి మిగిలే 120 కూడా పూర్తిగా మనది కాదు. గది అద్దె, ఫోను, పెట్రోలు, ఇలా సరుకు అమ్మినా అమ్మకపోయినా పోయే ఖర్చు నెలకి 12,000 ఉందనుకోండి. 12,000 భాగించు 120, మొదటి వంద డబ్బాలు ఆ ఖర్చులకే. నూట ఒకటో డబ్బా నుంచి మొదలయ్యేదే లాభం. ఈ అంకె గోడ మీద రాసుకోండి, నెలలో ఏ తేదీకి దాటుతున్నారో చూసుకోండి.

రేటు ఎక్కువైందని జనం అంటే? పక్కవాళ్ళు 350కి ఇస్తున్నారంటే? అప్పుడు వెనకనుంచి రండి. 350లో 20 శాతం మిగలాలంటే ఖర్చు 280కి దిగాలి. 300లోంచి 20 రూపాయలు ఎక్కడ తగ్గించగలం? డబ్బాలు వందకి బదులు వెయ్యి ఒకేసారి తెస్తే కొన్ని రూపాయలు తగ్గుతాయి. మూత కింద ఇంకో సీలు వేసి లీకేజీ ఇరవైకి ఒకటి నుంచి యాభైకి ఒకటికి తెస్తే తొమ్మిది రూపాయలు తగ్గుతుంది. కొత్త మిర్చి వచ్చే రోజుల్లో, ఫిబ్రవరి మార్చిలో, గుంటూరు కాయ తెచ్చి ఎండబెట్టి పట్టించుకుంటే కారం రేటు మన చేతిలో ఉంటుంది. కారం కిలోకి 300 పెరిగితే డబ్బాకి ముప్ఫై పెరుగుతుంది, కాబట్టి ఈ ఒక్కదాని మీద కన్నేసి ఉంచాలి. నూనె మాత్రం తగ్గించకండి. పచ్చడి మీద నూనె తేలకపోతే బూజు పడుతుంది, అప్పుడు పోయేది ఒక డబ్బా కాదు, ఆ ఇల్లంతా మళ్ళీ మీ దగ్గర కొనదు. ఇవన్నీ చేశాక కూడా 280కి రాకపోతే 350 వాళ్ళతో పోటీ పడొద్దు. వాళ్ళు ఏ నూనె వాడుతున్నారో, తమ కూలి వేసుకున్నారో లేదో మనకి తెలియదు.

మా సూపర్ మార్కెట్ సంగతికి వస్తే, కిలో డబ్బా అక్కడినుంచి తీసేశాం. 420 ఎమ్మార్పీ ఉన్న అదే డబ్బా మీద షాపు కోసం 550 వేయడం కుదరదు, ఒకే సరుకుకి రెండు ఎమ్మార్పీలు పెట్టకూడదు, పెట్టినా కొన్నవాళ్ళు మన ముఖమే చూడరు. ఇంటి దగ్గర కిలో, అరకిలో మాత్రమే అమ్ముతూ, పావుకిలో డబ్బా ఒక్కదాన్నే షాపులకి ఉంచాం. 88 పడుతోంది, వాళ్ళకి పాతిక, మాకు ఇరవై, 88 భాగించు 0.55, సరిగ్గా 160. వెళ్ళి ఆయనతో ఈసారి నేనే ముందు అడిగాను, మీ పాతిక శాతం ఎమ్మార్పీ మీదే కదండీ అని. అవునన్నారు. అయితే ఆఫర్ ఎప్పుడు పెట్టినా తగ్గించినది చెరి సగం భరిద్దామండీ అన్నాను. కాసేపు ఆలోచించి, కాగితం మీద లెక్క వేసుకుని ఒప్పుకున్నారు. మొన్న దసరాకి పది శాతం ఆఫర్‌లో 160 డబ్బా 144కి పోయింది. తగ్గిన పదహారులో ఎనిమిది ఆయన, ఎనిమిది మేం. ఆయనకి 32 వచ్చింది, మాకు 112 వచ్చింది, ఖర్చు పోగా డబ్బాకి 24 మిగిలింది.